ఇద్దరు నేసే చీర

ఫొటోలు తీయొద్దే అని మా ఉమకు చెప్పాను. వింటేగా! అయిజ దగ్గర ఒక ఊళ్ళో ఫ్యాక్టరీ వద్దని ధర్నా చేసిన ఆడవాళ్ళను పోలీసులు చితకబాదారు. వాళ్ళ వీపుల మీది వాతలన్నీ ఫోన్‌లో తీసి మానవ హక్కుల కమిషన్‌కు పంపింది నా చెల్లెలు. అప్పటికే పన్నెండు మందిని జైల్లో వేశారు. పదమూడో పేరు దానిదేనని ఊరంతా అంటోంది. నాలుగు రోజులుగా గద్వాలలో మా ఇంట్లో దాక్కుని, నాతోపాటు మగ్గం మీద కూర్చుంటోంది.

ఆ పొద్దున జీపు వచ్చి ఆగింది. ఉమ దిగ్గున లేచి వెనక గదిలోకి దూరింది. ఎస్సై, వెంట ఒక లేడీ కానిస్టేబుల్ లోపలికి వచ్చారు.

"ఉమ యాడుంది?"

"హైదరాబాద్ పోయింది సార్. ఎప్పుడొస్తదో తెల్వదు."

"ఇంట్ల ఎవరెవరున్నరు?"

"నేనొక్కదాన్నే. మా ఆయన చీరలు అమ్మనీకి కర్నూలు పోయి వారమాయె."

అబద్ధం బాగానే ఆడాను. ఎస్సై నమ్మినట్టే వెనక్కి తిరిగాడు. హమ్మయ్య, గండం గడిచిందనుకున్నాను. పోయేవాడు పోక, ఆ మహానుభావుడు మగ్గం మీది చీర అంచును రెండు వేళ్ళతో నలిపాడు.

"చేనేత చేనేత అంటరు గని, గియన్ని మిషన్ల మీద కొట్టినయే గదా! జనాన్ని మంచిగనే మోసం చేస్తుండ్రు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇరవై ఏళ్ళుగా నా నడుము విరుస్తున్న పని అది.

"మిషనా? జర కండ్లు తెరిచి చూడుండ్రి సార్! పట్టు అంచుకు, నూలుకు వరస వరసకు చేత్తోని లంకె ఎయ్యాలె. ఇద్దరు కూసుంటే గని జానెడు దిగదు!"

అనేశాను. ఎస్సై చీర వదిలి నా మొహంలోకి చూశాడు.

"ఇద్దరా? మీ ఆయన పోయి వారమాయె అంటివి. మరి రెండో మనిషి ఎవరమ్మా?"

పక్కింటి జములమ్మ అంటే సరిపోయేది. ఇప్పుడు వంద పేర్లు తడుతున్నాయి, అప్పుడు ఒక్కటీ రాలేదు. "నడువు ఠాణాకు" అంటూ కానిస్టేబుల్ నా రెక్క పట్టుకుంది.

వెనక గది తలుపు తెరుచుకుంది.

"అక్కను ఇడువుండ్రి. నేనే ఉమను."

నా నోరు పడిపోను అంటూ నెత్తి కొట్టుకుని ఏడ్చాను. ఉమ నా చేతులు పట్టి ఆపింది.

"ఊకో అక్కా. ఆ మిషన్ మాటకు నువ్వనకుంటే లోపట్నుంచి నేనే అంటుంటి."