మూలన మూడు గీతలు

వరంగల్ కొత్తవాడలో హుసేన్‌బీ మగ్గం దిగిన ప్రతి శత్రంజీకి, నేల మీద పరిచే ఆ నూలు జంపఖానాకి, ఎడమ మూలన నల్లనూలుతో మూడు పొట్టి గీతలుండేవి. అది వెంకట్రాజం సేటు ముద్ర. నూలిచ్చేది ఆయన, నేసిన సరుకు పట్టుకుపోయేదీ ఆయనే కనుక గీతలూ ఆయనవే. మరి నేసిన మనిషి గుర్తు ఎక్కడుందని అడిగితే హుసేన్‌బీ కాయలు కాసిన వేళ్లు చూపించాలి తప్ప వేరే జవాబు లేదు.

ఆ గీతలంటే ఆమెకు ప్రేమేమీ లేదు, ఉన్నదల్లా భయమే. పెళ్లయిన కొత్తలో భర్త జమాల్ సొంతంగా కొన్న నూలుతో ఒక శత్రంజీ నేసి, చెల్లెలి ఇంటికి ఇచ్చి వద్దామని భుజాన వేసుకుని బయల్దేరాడు. మూలన ముద్ర లేదు. స్టేషన్ రోడ్డులో ఎవరో వ్యాపారి మనుషులు పట్టుకుని, సేటు నూలు కాజేసి నేసిన దొంగసరుకన్నారు. రెండు రోజులు ఠాణాలో కూర్చోబెట్టి, మూడో రోజు పొమ్మన్నారు. ఆ తర్వాత జమాల్ బతికిన ఆరేళ్లూ బజార్లో తలెత్తి నడవలేదు. ఇక అప్పటినుంచి హుసేన్‌బీ తన నమాజు చాపకు కూడా సేటు ముద్ర వేసుకుంది. నవ్వినవాళ్లను నవ్వనిచ్చింది.

జమాల్ పోయాక ఆమెకు మిగిలింది తమ్ముడు అహ్మద్ ఒక్కడే. వాడి నాలుగో ఏట తల్లి పోతే చంకనెత్తుకుని పెంచింది. వాడికి బొమ్మల పిచ్చి. ఖిలా వరంగల్లో కూలిపడ్డ రాళ్ల మీద కాగితం పరిచి, బొగ్గుతో రుద్ది, ఆ చెక్కడాలన్నీ ఇంటికి దింపుకొచ్చేవాడు. గోడలన్నీ మసి చేశాడని ఆమె తిట్టేది, ఒక్క కాగితం కూడా పారేసేది కాదు. హైదరాబాదులో బొమ్మల కాలేజీలో చేరితే నెలనెలా పంపింది. డిగ్రీ ముగిసే ఏడు, ఎనభైమూడులో, అహ్మదాబాదులో డిజైను పెద్దచదువుకు వాడికి సీటొచ్చింది. రెండేళ్ల ఫీజు, హాస్టలు ఖర్చు విన్నాక ఆ సంతోషం కాస్తా చప్పబడిపోయింది. ఆమె మగ్గం ఆగకుండా ఆడినా అందులో నాలుగో వంతు రాదు.

దారి చూపించింది వాడి మాస్టారు రాజేశ్వర్ రావు. బొంబాయిలో ఒక మిల్లు యజమాని, చిన్న వయసులో పోయిన కొడుకు పేరున ఫెలోషిప్పు పెట్టాడట. ఏటా డిజైను చదివే ఒక్కరికి రెండేళ్ల ఖర్చంతా వాళ్లే భరిస్తారు. అహ్మద్ ఆదివారం బస్సుకు వచ్చి ఊపిరి తిప్పుకోకుండా చెప్పాడు.

“ఆపా, మా సార్ గూడ అసొంటి ఫెలోషిప్పు మీదనే సదివిండట. ఎవరో మొకం తెల్వని పెద్దాయన కట్టకపోతే ఇయ్యాల్టికి గూడ జనగామల సైన్‌బోర్డులు రాసుకుంట ఉండేటోన్ని అన్నడు.”

“ఉత్తగనే ఇస్తరా? మనం మల్ల ఏమియ్యాలె?”

“ఏం ఇయ్యొద్దు. పని మనదేనని వాళ్లకు నమ్మకం కుదరాలె, గంతే. గీసిన కాగితం నేను ఫారంతోని పంపుత. దాన్ని నేసిన నమూనా గూడ కావాల్నట. ఎవలు నేసినా మంచిదేనట గని, డిజైను మాత్రం నాదే ఉండాలె.”

“నేను నేస్త. నువ్వు ఫికర్ జెయ్యకు.”

“నాకు పరీక్షలున్నయి ఆపా, మల్ల వచ్చి సూసెటందుకు టైం లేదు. నువ్వే సీదా బొంబాయికి పార్సిల్ జెయ్యి.” అడ్రసు మూడు అట్టముక్కల మీద రాసిచ్చాడు, ఒకటి పోతే ఇంకోటి ఉంటుందని.

వాడు గీసి, ఒక నకలు ఆమెకిచ్చి పోయింది ఖిలాలోని ఒక పగిలిన రాతి మీది గొలుసు. విరిగినచోట విరిగినట్టే వదిలి, అక్కణ్ణుంచి రంగు మార్చాడు. హుసేన్‌బీ నేతగాళ్ల సొసైటీలో సొంతంగా నూలు కొనుక్కుంది. సేటు పని పక్కన పెట్టి పందొమ్మిది రోజులు నేసింది. పేక పోగు వేసి దువ్వెన లాంటి ఇనప పంజాతో కొట్టిన ప్రతిసారీ ఆ గొలుసు ఒక్క పోగంత పెరుగుతుంటే ఆమెకు అన్నం గుర్తుకు రాలేదు. ఎన్ని వందల శత్రంజీలు నేసిందో గాని, ఇది మన ఇంటిదనుకుంటూ నేసింది ఈ ఒక్కటే.

చివరికి ఎడమ మూలకు వచ్చింది. అక్కడ చెయ్యి ఆగింది. ఈ పార్సిల్ పోస్టాఫీసులో ఒకరి చేతిలో, రైల్లో ఇంకొకరి చేతిలో, బొంబాయిలో మరెవరి చేతిలోనో పడుతుంది. మధ్యలో ఎవడైనా విప్పి ముద్రేదీ అంటే? జమాల్‌ను అన్న మాటే తన తమ్ముణ్ణి అంటే? ఆమె నల్లనూలు తీసి జాగ్రత్తగా మూడు గీతలు వేసింది. అప్పుడు గాని గుండె కుదుటపడలేదు.

పార్సిలు రిజిస్టరు చేయించి, వస్తూ వస్తూ పావుకిలో జిలేబీ కొని వాడకట్టంతా తలో తునక పంచింది. ఎందుకని అడిగితే, “మా అహ్మదు అహ్మదాబాదు పోతాండు” అంది, ఆ ఊరికి వాడి పేరే పెట్టినంత గర్వంగా.

జూన్‌లో అహ్మద్ ఇంటికొచ్చాడు. ముఖం చూస్తేనే తెలిసింది. “ఇంకెవలకో వచ్చింది ఆపా,” అని గోడకు తిరిగి పడుకున్నాడు. వారం తర్వాత రాజేశ్వర్ రావు మాస్టారు హైదరాబాదు నుంచి పనిగట్టుకుని వచ్చాడు. చంకలో కాలేజీకి తిరిగొచ్చిన పార్సిలుంది. వద్దని అహ్మద్ సైగ చేస్తున్నా ఆయన శత్రంజీ పరిచి మూల చూపించాడు.

“ఈ గీతలు ఎవరేసిన్రమ్మా?”

“నేనే ఏసిన సారూ. మా సేటు ముద్ర.”

“ఎందుకేసినవమ్మా?”

“ముద్ర లేకపోతె దొంగసరుకంటరు గద సారూ!”

అహ్మద్ లేచి బయటికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత మాస్టారు మెల్లిగా చెప్పాడు. ఫెలోషిప్పు ఎవరికివ్వాలో తేల్చే కమిటీలో ఒకాయన శత్రంజీలు ఎగుమతి చేసే మనిషి. మూడు గీతల సరుకు బొంబాయి దుకాణాల్లో ఆయన రోజూ చూసేదే. కుర్రాడు బజార్లో తయారు సరుకు కొని, దాన్ని చూసి కాగితం మీద బొమ్మ దింపి, తన డిజైనని పంపాడనుకున్నారు.

“దొంగతనమన్నరా సారూ?” అని అడిగింది హుసేన్‌బీ.

ఆయన తలొంచుకున్నాడు. ఆమె శత్రంజీ మీద చతికిలబడి, ఆ మూలను చీర కొంగుతో రుద్దసాగింది, ఆ నల్లనూలు మరకలా పోతుందేమో అన్నట్టు. జమాల్ చనిపోయిన రోజున కూడా ఆమెకు ఇంత దుఃఖం రాలేదు. జమాల్‌ను దొంగన్నది ఎవరో పరాయివాళ్లు. ఈనాడు తమ్ముడి మీద ఆ మాట పడేసింది తన చేతులే.

మాస్టారు ఉన్నదున్నట్టు బొంబాయికి రాశాడు. మర్యాదగానే జవాబొచ్చింది. సంగతి తెలిసి బాధపడ్డారట. ఈ ఏటి ఫెలోషిప్పు అప్పటికే వేరొకరికి ఇచ్చేశారు, ఒకసారి కాదన్నవారి దరఖాస్తు మళ్లీ తీసుకునే పద్ధతి వాళ్లకు లేదు. వాళ్లను తిట్టుకుందామన్నా తిట్టడానికి అందులో ఒక్క మాట దొరకలేదు. జూలైలో అహ్మదాబాదు సీటు ఇంకొకరికి పోయింది.

ఆగస్టులో సేటు వచ్చాడు. బల్ల మీద మడిచి ఉన్న శత్రంజీ విప్పి చూశాడు, గొలుసు చూశాడు, మూల చూసి పకపకా నవ్వాడు.

“ముద్ర నాదేనాయె! ఇగ మాల్ ఎవల్ది హుసేన్‌బీ? గిసొంటియి నలభై నెయ్యి. నీ తమ్ముడు ఉత్తగనే ఉన్నడు గద, దుకాన్ల కూసోని ఇంకిన్ని నమూనాలు గియ్యమను, జీతమిస్త.”

ఆమె నోరు తెరిచేలోపే, “వస్త సేటు,” అన్నాడు అహ్మద్.

నలభైలో మొదటిది పన్నెండో రోజుకు మూలకు వచ్చింది. అహ్మద్ దుకాణం నుంచి వచ్చి గడపలో కూర్చుని కాళ్లు కడుక్కుంటున్నాడు. హుసేన్‌బీ చెయ్యి ఆగింది.

“తమ్మీ, ముద్ర ఎయ్యాల్నా?”

వాడు తలెత్తలేదు.

“ఎయ్యి ఆపా. ఇప్పుడది సేటుదే.”

ఆమె నల్లనూలు అందుకుని మూడు గీతలూ వేసింది. ఇంకా ముప్ఫైతొమ్మిది మిగిలాయి.