జవాబుల కాపలా

ఆదివారం పొద్దున్నే కూర్చున్న పిడుగు భోజనాల వేళకు సమీకరణాల అభ్యాసం మొత్తం ఊది పారేసింది. అప్పుడు తీరిగ్గా పుస్తకం వెనక పేజీలు తిప్పి జవాబులు చూసుకుంది. బ్రాకెట్ ముందు మైనస్ ఉన్న ప్రతి లెక్కా తప్పే. 7 − (x − 2) = 4 అన్నచోట లోపలి రెండో గుర్తు మార్చడం మరిచి, x = 1 అని దర్జాగా రాసింది. రావలసింది 5. మిగతా వాటిలోనూ అదే కథ.

"పొద్దుట్నుంచీ కూర్చుని తప్పుని కంఠతా పట్టావన్నమాట," అంది అమ్మ.

పిడుగుకి ఏడుపొక్కటే తక్కువ. శుక్రవారం పరీక్షలో గట్టెక్కకపోతే ఈత జట్టులో చోటు లేదని కోచ్ తేల్చి చెప్పేశాడు.

సాయంత్రం పద్ధతి మార్చింది. ఒక వేలు జవాబుల పేజీలో పెట్టుకుని, అడుగడుక్కీ తొంగి చూస్తూ చేసింది. అన్నీ ఒప్పులే! తీరా అమ్మ పుస్తకం లాక్కుని ఒక లెక్క ఇచ్చేసరికి గుడ్లు తేలేసింది.

అమ్మ కత్తెర తెచ్చి జవాబుల పేజీలు కత్తిరించి నానమ్మ ఒళ్ళో పడేసింది. "ఒక్కో లెక్కా పూర్తి చేశాక చెప్పండత్తయ్యా. మధ్యలో అడిగితే చెప్పొద్దు. అలాగని అన్నీ అయ్యేదాకా ఆగొద్దు."

నానమ్మకి ఈ ఉద్యోగం తెగ నచ్చింది.

"ప్లస్సా, మైనస్సా? అదొక్కటి చెప్పు నానమ్మా!"

"ముందు నీది చెప్పు."

"నా బంగారు నానమ్మవి కదూ!"

"బంగారం ధర పెరిగిందిలే. లెక్క చెయ్యి."

తప్పు వచ్చినప్పుడల్లా అక్కడికక్కడే వెతుక్కోవడంతో, బుధవారానికి ఆ మైనస్ కాస్త దారికొచ్చింది.

గురువారం 3(x − 2) = x + 8 చేసి, "ఏడు!" అంది పిడుగు.

"నాలుగు. మళ్ళీ చెయ్యి."

మళ్ళీ చేసింది. మళ్ళీ ఏడే. ఉక్రోషంతో x ఉన్నచోటల్లా ఏడు పెట్టి చూసింది. ఎడమవైపు పదిహేను, కుడివైపు పదిహేను.

"నీ జవాబే తప్పు నానమ్మా!"

నానమ్మ కళ్ళజోడు సర్దుకుని చూసింది. "అయ్యో రాత! పక్క లెక్కది చదివానే."

శుక్రవారం పరీక్ష హాల్లో నానమ్మ లేదు, ఆ పేజీలూ లేవు. పిడుగు ఒక్కో లెక్కా పూర్తి చేసి, వచ్చిన విలువను తిరిగి అందులోనే పెట్టి చూసుకుంది. ఒకచోట ఎడమవైపు తొమ్మిది, కుడివైపు మూడు వచ్చాయి. బ్రాకెట్ దగ్గరికెళ్ళి చూస్తే, పాత మైనస్సే! కిసుక్కున నవ్వింది. టీచర్ ఉరిమి చూసింది. నవ్వు మింగి, గుర్తు మార్చి రాసింది.

మరుసటి వారం మార్కులొచ్చాయి. జట్టులో చోటూ దొరికింది. మొదటి రోజు కొలను గట్టు మీద పిడుగు చేతులు చాచి దూకడానికి సిద్ధమవుతుంటే, వెనకనుంచి నానమ్మ కేకేసింది.

"ఒసే, లోతు మాత్రం ముందే చూసుకోవే!"