మిగిలిన చెయ్యి

గ్రంథాలయం మేడ మీది హాల్లో ఏటా వేసవి బడి నడిపేది లెక్కల టీచరమ్మే. ఉద్యోగం నుంచి రిటైరైనా లెక్కలు ఆవిడను వదల్లేదు, ఆవిడ పిల్లలను వదల్లేదు. వేసవి బడిలో పుస్తకం మాత్రం తెరవనిచ్చేది కాదు. పొద్దున్నే పిల్లలందరినీ వెంటేసుకుని వీధుల్లో పడేది. నీళ్ల ట్యాంకు నీడ కొలిపించి ట్యాంకు ఎత్తెంతో చెప్పమనేది. రొట్టెల బట్టీ దగ్గర పిండి తూకం వేయించేది. పిల్లలకు అదొక ఆట, కన్నవాళ్లకు ఆ పూటకు ఇల్లు ప్రశాంతం.

వీధిలో నడవడానికి ఒక పద్ధతి ఉంది. ఇద్దరిద్దరు చేతులు పట్టుకుని వరసగా నడవాలి. జత దొరక్క మిగిలిన పిల్లో పిల్లాడో టీచరమ్మ చెయ్యి పట్టుకుని అందరికంటే వెనక నడవాలి.

కిటుకంతా అక్కడే ఉంది. ఏ ఏడు చూసినా ఈ బడిలో పిల్లల సంఖ్య బేసే! ఒకరు మిగిలి తీరాల్సిందే. భర్త పోయిన తర్వాత టీచరమ్మ చెయ్యి పట్టుకునే మనిషే లేకుండా పోయాడు. ఎప్పుడైనా ఒంట్లో బాగోకపోతే డాక్టరు నాడి చూస్తాడు, అంతే. వేసవిలో మాత్రం చెమట పట్టిన చిన్న చెయ్యి ఒకటి ఆవిడ చేతిలో ఉండేది. అందుకని సంఖ్య సరి అయితే ఇంకొకర్ని వెతికి తెచ్చుకునేది, బేసి కాగానే ఇక చోటు లేదనేది. అన్నేళ్లు లెక్కలు చెప్పిన మనిషికి ఈపాటి దొంగలెక్క ఓ లెక్కా!

ఈ ఏడు మిగిలింది వాగుడుకాయ. ఆ పిల్ల అసలు పేరు పిల్లలెప్పుడో మర్చిపోయారు. "టీచర్, చీమలకి మోకాళ్లుంటాయా? టీచర్, మీరు నిద్రలో మాట్లాడతారా? మాట్లాడితే ఎవరు వింటారు?" ఇలా దారి పొడుగునా వాగుతూనే ఉండేది. టీచరమ్మకు చెవులు చిల్లులు పడేవి, ప్రాణం మాత్రం హాయిగా ఉండేది.

బడి మొదలైన కొద్ది రోజులకు ఎదురు వరసలోని ఇస్త్రీ కొట్టు ఆవిడ కూతుర్ని వెంటబెట్టుకుని మేడెక్కి వచ్చింది.

"టీచరుగారూ, దీన్ని కూడా చేర్చుకోండి. కొట్లో వేడికి పిల్ల వడిలిపోతోంది."

"చోటు లేదమ్మా," అన్నది టీచరమ్మ.

ఇస్త్రీ ఆవిడ ఖాళీ బల్లల వైపొకసారి చూసింది. "పర్లేదులెండి," అని పిల్లను తీసుకుని దిగిపోయింది. చోటు లేదనడం టీచరమ్మకు అలవాటే. ఈసారి మాత్రం ఆ చూపు ముల్లులా గుచ్చుకుంది.

మర్నాడు వరస బయల్దేరగానే ఆ పిల్ల అవతలి కాలిబాట మీద వీళ్లతో సమానంగా నడిచింది. మలుపు దాకా వచ్చి ఆగిపోయింది. అంతకు మించి వెళ్లొద్దని తల్లి చెప్పి ఉంటుంది.

వాగుడుకాయ వెనక్కి తిరిగి తిరిగి చూసింది. "టీచర్, ఆ పిల్లకి జత లేదు. నన్నిచ్చెయ్యండి."

"నిన్నివ్వడమేమిటే?"

"మీరు పెద్దవాళ్లు కదా. మీకు జత ఎందుకు?"

ఆ మధ్యాహ్నం టీచరమ్మ ఇస్త్రీ కొట్టుకు తనే వెళ్లి, రేపట్నుంచి పిల్లను పంపమని చెప్పి వచ్చింది.

అలా సంఖ్య సరి అయింది. కొత్తపిల్ల పది మాటలకు ఒక మాట కూడా బదులు చెప్పేది కాదు. అడుగుల చప్పుడైనా వినిపించనిచ్చేది కాదు. వాగుడుకాయ ఆమెకు పిల్లి అని పేరు పెట్టేసింది. ఇద్దరూ చేతులు ఊపుకుంటూ నడిచేవాళ్లు. వాళ్ల వెనక టీచరమ్మ ఒంటరిగా నడిచేది. ఖాళీ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తోచేది కాదు. కొలతల టేపూ సుద్దముక్కలూ ఉన్న సంచీ ఎప్పుడూ భుజానికే వేలాడేది. ఇప్పుడు దాన్ని చేత్తో పట్టుకోవడం మొదలుపెట్టింది.

ఒకరోజు పిల్లి రాలేదు. జ్వరమట. ఆ కబురు వినగానే టీచరమ్మ గుండెలో సంతోషం ఒక్కసారిగా గంతేసింది. పసిపిల్లకు జ్వరమొస్తే సంతోషమా, ఛీ, అని తనను తానే తిట్టుకుంది. అయినా సంచీ భుజానికి తగిలించి, వరస చివర నిలబడి, వాగుడుకాయకు చెయ్యి చాపింది.

వాగుడుకాయ తన చెయ్యి వీపు వెనక దాచేసుకుంది.

"ఇది పిల్లి చోటు టీచర్. రేపొస్తుంది. అందాకా ఎవ్వరికీ ఇవ్వనని చెప్పాను."

ఆ పిల్ల ఆ రోజంతా పక్కన మనిషంత ఖాళీ వదిలి నడిచింది. ఒక్కసారి కూడా నోరు విప్పలేదు. టీచరమ్మ ఆ ఖాళీ వైపే చూస్తూ వెనక నడిచింది. తన కోసం అంత చోటు ఉంచేవాళ్లు ఈ లోకంలో ఎవరూ లేరు కదా అనిపించి కళ్లు మసకబారాయి.

సాయంత్రం ఇస్త్రీ కొట్టుకు వెళ్లింది. పెట్టె వేడికి గది సెగలు కక్కుతోంది. లోపల ఉతికిన దుప్పట్ల దొంతర పక్కన పిల్లి పడుకుని ఉంది. టీచరమ్మ పిల్ల నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. జ్వరం దిగుతోంది.

పిల్లి కళ్లు తెరిచింది. "టీచర్, ఇవాళ వాగుడుకాయ చెయ్యి ఎవరు పట్టుకున్నారు?"

"ఎవరూ పట్టుకోలేదమ్మా. నీ చోటు నీకే ఉంచింది."

పిల్లి మొహం విప్పారింది. మామూలుగా నోరు విప్పని పిల్ల, జ్వరంలో ఇంకో మాట అడిగింది.

"మరి మీ చెయ్యో?"

ఇన్నేళ్లలో ఆ మాట అడిగినవాళ్లు లేరు. టీచరమ్మ నవ్వబోయింది, నవ్వు రాలేదు.

"నాకు సంచీ ఉందిగా," అన్నది.

పిల్లికి ఆ జవాబు సరిపోయింది. మళ్లీ కళ్లు మూసుకుంది. నుదుటి మీది చెయ్యి తియ్యడానికి టీచరమ్మకు మనసు రాలేదు. పిల్ల గాఢంగా నిద్రపోయేదాకా అలాగే ఉంచుకుని, తర్వాత సంచీ తీసుకుని ఇంటికి బయల్దేరింది.