బస్సులో మిగిలిన గొంతు

ఆ ఊరి బస్సుల్లో ఇంకా ఆమె గొంతే పలికేది. "తర్వాతి స్టాప్, గడియారం వీధి" అంటూ, వయసులో ఉన్నప్పటి మెత్తటి గొంతు. బస్సుల కంపెనీలో విచారణ కౌంటరు చూసుకునే రోజుల్లో మేనేజరు పిలిచి రికార్డింగుకు స్టాపుల పేర్లు చదవమంటే చదివింది. తర్వాత కౌంటరు ఎత్తేసి ఆమెను ఇంటికి పంపేశారు. గొంతును మాత్రం ఉంచేసుకున్నారు.

అప్పటినుంచి బస్సెక్కితే ఆమెకు కలలో కూర్చున్నట్టే ఉండేది. కిటికీ అద్దం మీద వాన జారుతుంటే, తనకన్నా చిన్నదెవరో నెత్తిమీద ఎక్కడో కూర్చుని దారి చెబుతున్నట్టుండేది. ఆ పేర్లకు తనూ పెదవులు కదిపేది. పక్కవాళ్లెవరికీ తెలిసేది కాదు.

ఒక సాయంత్రం ఆ మేనేజరే ఇంటికొచ్చాడు. తడిసిన గొడుగు గుమ్మం పక్కన పెట్టి కుర్చీ అంచున కూర్చున్నాడు. జుట్టంతా నెరిసిపోయింది.

"ఏటి అవతలికి కొత్త లైను వేశామమ్మా. ఆ స్టాపులకి కంప్యూటరు గొంతు పెట్టాం. సగం దారి మీరు, సగం దారి అది... దయ్యం పట్టినట్టుందని జనం ఒకటే గోల. మీరొచ్చి నాలుగు పేర్లు చదివితే చాలు. గంట పని. గంటకింతని ఇస్తాం."

వంటింట్లోంచి చెల్లెలు గట్టిగా దగ్గింది.

"గంట లెక్క వద్దండీ," అంది ఆమె నెమ్మదిగా. "గొంతు మోగినన్నాళ్లూ నెలనెలా ఇవ్వండి. పాత పేర్లకి కూడా."

"అలాంటి పద్ధతి మా ఆఫీసులో లేదమ్మా."

"మనిషిని పంపేసి గొంతు ఉంచుకునే పద్ధతి ఉందా?"

చెల్లెలు టీ తెచ్చి ఆయన చేతికిస్తూ, "మా అక్క అరిస్తే ఇంట్లోవాళ్లం ఊరికే పడుతున్నాం. బయటివాళ్లకి ఊరికే కుదరదండీ," అంది.

మేనేజరుకు నవ్వాగలేదు. "కొత్తవాటికి నెలనెలా ఇప్పిస్తాను. పాతవాటికి ఒకేసారి, ఏడాది జీతమంత. అంతకు మించితే పైవాళ్లు నా ప్రాణం తీస్తారు."

"అప్పటి జీతమా, ఇప్పటిదా?"

ఆయన టీ వైపు చూశాడు. "ఇప్పటిదే."

"కాగితం మీద పెట్టండి. వస్తాను."

రికార్డింగు గదిలో గోడల నిండా మందపాటి తెరలు. హెడ్‌ఫోన్లలో ముందు ఆ పాత గొంతు వినిపించారు. దాని వెనకే ఆమె, "తర్వాతి స్టాప్, గాజు ఫ్యాక్టరీ" అంది. బొంగురుగా వచ్చింది. మళ్లీ అంది. మళ్లీ అంతే.

"మిషన్‌లో కాస్త సన్నం చేద్దామా మేడమ్?" అన్నాడు రికార్డింగతను.

"వద్దు బాబూ. ఆ అమ్మాయికీ వయసు పైబడిందని తెలిస్తే తప్పేముంది?"

కళ్లు మూసుకుంది. ఏటి మీద మంచు, మసక దీపాలు, కునికిపాట్లు పడుతున్న తలలు కనిపించాయి. వాళ్లను ఉలిక్కిపడనీయకుండా లేపాలన్నట్టు, ఒక్కొక్క పేరూ మెల్లగా చెప్పింది.

కొత్త లైను మీద మొదటిసారి అక్కచెల్లెళ్లిద్దరూ కలిసి వెళ్లారు. వంతెన ఇవతల చిన్న గొంతు, అవతల పెద్ద గొంతు. ఏరు దాటేలోపు ఎవరికో వయసు పైబడినట్టుంది. ఒక్కరూ తలెత్తి చూడలేదు. గాజు ఫ్యాక్టరీ దగ్గర మాత్రం ముందు సీట్లో నిద్రపోతున్న ముసలాయన ఆ పిలుపుకు కళ్లు తెరిచి, "ఆ, దిగుతున్నానమ్మా," అని గాలిలోకి జవాబిచ్చి, సంచీ సర్దుకుని దిగిపోయాడు.

"జాగ్రత్తండీ," అంది ఆమె తనకే వినపడనంత మెల్లగా.