అయిదంగుళాల జత

రేపల్లెలో మైకు సెట్టు యాకోబు అంటే తెలియనివాళ్ళు తక్కువ. పెళ్ళయినా, చర్చిలో కూడికలైనా, ఎన్నికల ఊరేగింపైనా ముప్ఫై ఏళ్ళుగా ఆయన పెట్టెలే మోగుతున్నాయి. ఈ వీధిలో పాట పెడితే నాలుగు వీధుల అవతల వినపడాలి, అదీ ఆయన లెక్క. అలాంటి మనిషికి కూతురు కరుణశ్రీ ఫోన్ చేసి, "నాన్నా, రికార్డింగ్ గదికి స్పీకర్లు కొనాలి, తెనాలి వస్తావా?" అని అడిగేసరికి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని పొద్దున్నే రైలెక్కేశాడు.

కరుణశ్రీ బాపట్లలో ఒక స్కూల్లో సంగీతం టీచరు. సెలవు దొరికితే చాలు, పిట్టలవానిపాలెం వైపు పొలాలకెళ్ళి నాట్లేసే ఆడవాళ్ళ పాటలు రికార్డు చేసుకొచ్చేది. వాటిని బాగుచేసి అందరూ వినేలా బయటకి తేవాలని ఆమె పట్టుదల. అందుకోసం అద్దింట్లో వెనక గదిని ఖాళీ చేయించి, సౌండు మారుమోగకుండా గోడలకి దూదిపరుపులు నిలబెట్టి, వాటిమీద చీరాల గుడ్డ కుట్టించింది. ఇన్నాళ్ళూ ఇయర్‌ఫోన్లతో నెట్టుకొచ్చింది. ఇక రికార్డింగుని ఉన్నది ఉన్నట్టు వినిపించే మానిటర్ స్పీకర్లు కావాలి.

తెనాలిలో కొట్టు బసవేశ్వరరావుది. యాకోబు కొన్న ఆంప్లిఫయర్లన్నీ ఆయన చేతిమీదుగా వచ్చినవే. కుశలప్రశ్నలు అయ్యాక ఆయన కొట్లో అన్నిటికన్నా పెద్ద జత ఆన్ చేశాడు. కింద గచ్చు అదిరింది. యాకోబు మొహం వెలిగిపోయింది.

"ఇదమ్మా స్పీకరంటే! ఇంకేం చూడక్కర్లా, ఇదే తీసేసుకో."

"గది పది అడుగులు కూడా లేదు నాన్నా. దీని సౌండు అందులో పట్టదు," అంది కరుణశ్రీ. తర్వాత బసవేశ్వరరావు వైపు తిరిగి, "బాబాయ్ గారూ, ఆ అయిదంగుళాల జత కూడా పక్కన పెట్టిస్తారా? రెండూ ఒకే సౌండులో మోగాలండి. ఎక్కువ మోగేదే బాగుందనిపిస్తుంది ఎవరికైనా."

యాకోబు ఉలిక్కిపడ్డాడు. అవతలి మైకు సెట్టు వాడికన్నా సౌండు మీట అరచుట్టు ఎక్కువ తిప్పి ఎన్ని బేరాలు తెచ్చుకున్నాడో ఆయనకే తెలుసు. ఆ కిటుకు ఆయనెప్పుడూ పిల్లకి చెప్పలేదు.

కరుణశ్రీ స్పీకర్లని గోడకి దూరంగా జరిపించింది. చెవికి సరిసమానమైన ఎత్తులో పెట్టించింది. ఫోన్లో సౌండు కొలిచి, రెండు జతలూ సమానం చేసి, ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. ఒకసారి ఇది, ఒకసారి అది. గంట గడిచింది. కొట్టుకొచ్చినవాళ్ళు వింతగా చూస్తున్నారు. యాకోబుకి మొహమాటంగా ఉంది.

"మా అమ్మాయి కొంచెం పట్టి పట్టి చూస్తుందండి," అన్నాడు నవ్వుతూ.

"చూడనీయండి. కొన్నాక వాపసు తెచ్చేవాళ్ళకన్నా నయం," అన్నాడు బసవేశ్వరరావు.

అప్పుడు కరుణశ్రీ తను రికార్డు చేసిన నాట్ల పాట పెట్టింది. అందులో ముందు పాడేది రాహేలు, యాకోబుకి సొంత అక్క. పెద్ద జతలో ఆమె గొంతు మెత్తగా, నిండుగా వచ్చింది. చిన్న జతలో అదే పాట ఆయనకి పేలవంగా తోచింది.

"అక్క గొంతు చిక్కిపోయిందే!"

"ఇలా వచ్చి నా కుర్చీలో కూర్చుని విను నాన్నా."

కూర్చున్నాడు. మొదట ఏమీ తేడా తెలియలేదు. కాసేపటికి అక్క పాట ఎత్తుకోబోయే ముందు పీల్చిన ఊపిరి వినపడింది. గాజులు. బురదలోంచి కాలు లాగిన చప్పుడు. ఆయన ముందుకి వంగాడు. వీటన్నిటి అడుగున ఇంకేదో సన్నగా, ఆగకుండా జుమ్మంటోంది.

"బసవేశ్వరరావు గారూ, ఈ పీసులో ఏదో తేడా ఉందండి."

బసవేశ్వరరావు వైర్లు మార్చాడు. ప్లగ్గు మార్చాడు. జుమ్ము పోలేదు. తన దగ్గరున్న వేరే పాట పెడితే మాత్రం చప్పుడు లేదు. అంటే తప్పు స్పీకరుది కాదు, రికార్డింగులోనే ఉంది. కరుణశ్రీ మొహం వాడిపోయింది. ఆమె పాటని మళ్ళీ మొదటికి తెచ్చింది.

యాకోబు కళ్ళు మూసుకుని విన్నాడు. పందిట్లో ఏ వైరు జుమ్మంటోందో వెతకడంలో ఆయన వయసంతా గడిచింది.

"మోటారమ్మా," అన్నాడు కళ్ళు తెరిచి. "రెండు మళ్ళ అవతల నీళ్ళ మోటారు నడుస్తోంది. పెద్దవాటిలో అడుగు సౌండు ఎక్కువ కదా, దాంట్లో కలిసిపోయింది. ఇది దాచలేదు."

"నాలుగు నెలల్నించి వింటున్నాను. నాకు వినపడనే లేదు నాన్నా!"

"నీకు వినిపించే పెట్టె లేదుగా ఇన్నాళ్ళూ."

కరుణశ్రీ లేచి చిన్న జత మీద చెయ్యి వేసింది. "ఇవే ఇవ్వండి బాబాయ్ గారూ."

"ఇంటికి తీసుకెళ్తే ఇంకెన్ని తప్పులు బయటపెడతాయో చూసుకో అమ్మాయ్!"

"అవి బయటపడాలనేనండి కొంటున్నది."

బసవేశ్వరరావు పెన్ను పట్టుకుని ఆగిపోయాడు. "యాకోబు గారూ, ఇన్నేళ్ళుగా అమ్ముతున్నాను. ఇలా విని ఎంచుకున్నవాళ్ళు ఈ కొట్టుకి రాలేదండి. చెవి మీది, చదువు తనది."

 యాకోబు అట్టపెట్టెలు రెండూ తనే చంకల్లో పెట్టుకుని, రైల్లో బాపట్ల దాకా ఒళ్ళోంచి దించకుండా తెచ్చాడు.

పై ఆదివారం ప్రార్థన అయ్యాక యాకోబు, రాహేలు, ఆమెతో పాటు పాడే నలుగురు ఆడవాళ్ళూ బాపట్ల వచ్చారు. కరుణశ్రీ ఆడవాళ్ళని చాప మీద, తండ్రిని కుర్చీలో కూర్చోబెట్టి పాట వినిపించింది. మోటారు సంగతి చెప్పి, పొరపాటు తనదేనని ఒప్పుకుంది.

రాహేలు చివరిదాకా విని తల అడ్డంగా ఊపింది. "మోటారు సంగతి పోనీయవే. రెండో చరణం నేను శ్రుతి దించి పట్టాను. ఎంత తేటగా తెలుస్తోందో చూడు. ఇలా వదిలేస్తే ఎలా? ఇక్కడే మళ్ళీ పాడతాం, పట్టు."

"ఇప్పుడేనా అత్తా?"

"ఇప్పుడే. ఒరేయ్ తమ్ముడూ, ఆ ఫ్యాను కట్టేసి నువ్వు బయటికి నడు. నీ కుర్చీ కిర్రుమంటోంది."

యాకోబు ఫ్యాను కట్టేసి, తలుపు మూసి, గేటు దగ్గర నిలబడ్డాడు. అంతలో వీధి మలుపులో కూరగాయల ఆటో మైకులో అరుచుకుంటూ వచ్చింది. యాకోబు రెండు చేతులూ ఎత్తి రోడ్డు మధ్యకి పరుగెత్తాడు.

"మైకు కట్టెయ్ బాబూ, పది నిమిషాలు!"

"ఏంటి బాబాయ్, ఇంట్లో ఎవరికన్నా ఒంట్లో బాలేదా?"

"అందరూ బాగున్నారయ్యా. మా అక్క పాడుతోంది. మా అమ్మాయి రికార్డు చేస్తోంది," అన్నాడు యాకోబు, చొక్కా సర్దుకుంటూ. "మంచి మంచి కొట్లవాళ్ళకే స్పీకర్ల సంగతి నేర్పింది మా అమ్మాయి."

ఆటో అతను మైకు కట్టేశాడు. మూసిన తలుపు వెనక రాహేలు గొంతు పైకి లేచింది. రెండో చరణం ఈసారి దిగలేదు.