పచ్చి ద్రాక్ష కేసు

జగన్మోహనరావు గారు ఎక్సైజ్ శాఖలో ముప్పై ఏళ్లు పనిచేసి, కృష్ణా లంకల్లో నాటుసారా కుండలు పగలగొట్టి పగలగొట్టి రిటైరయ్యారు. అలాంటి మనిషిని తీసుకెళ్లి ఊరు ఊరంతా వైన్ చేసుకుని బతికే చోట దింపింది ఆయన కన్నకూతురు గౌరి. కావాలని కాదు పాపం. అల్లుడు శ్రీధర్‌కి మిషిగన్‌లో ఓ మందుల కంపెనీలో ఉద్యోగం. ఆ కంపెనీకి దగ్గర్లో ఇల్లు చవగ్గా దొరికిన ఊరు వెస్ట్‌హోప్. తెలుగు మొహం చూడాలంటే రెండు గంటలు కారు తోలుకుని నోవై దాకా పోవాలి గానీ, ద్రాక్షతోట చూడాలంటే కిటికీ తెరిస్తే చాలు.

అది 1984. దిగిన వారానికే రావు గారు ఊరి వైనరీ ముందు కారు ఆపించారు. పీపాల మీద వేలితో కొట్టి చూశారు, వాసన పీల్చారు. "లైసెన్సు ఎక్కడ తగిలించారో కాస్త కనుక్కోవయ్యా" అన్నారు అల్లుడితో. కౌంటర్ దగ్గరి పిల్ల ఆయన్ని కొనడానికొచ్చిన పెద్దమనిషి అనుకుని ఓ గ్లాసులో కాస్త పోసి చేతికిచ్చింది. ఆయన దాన్ని పట్టుబడ్డ సరుకులాగే పట్టుకుని నిలబడ్డారు.

ఆయన భార్య మీనాక్షికి ఈ సారాయి గొడవ ఏమీ పట్టలేదు. ఆవిడ కష్టమల్లా పులుపు. గౌరి డెట్రాయిట్ దగ్గరి ఇండియన్ షాపులో కొన్న చింతపండు జూన్‌లోనే నిండుకుంది. ఇంట్లో ఉన్నది నిమ్మకాయలే. పప్పులో నిమ్మకాయ, చారులో నిమ్మకాయ, కూరలో నిమ్మకాయ. మీనాక్షికి జీవితం మీద విరక్తి కలిగింది. ఆ పైన గౌరి మరో పుణ్యం కట్టుకుంది. జులైలో నోవైలో తెలుగువాళ్ల పిక్నిక్ ఉందని, తలా ఒక వంటకం పట్టుకెళ్లాలని, "మా అమ్మ రోటిపచ్చడి తెస్తాం" అని ఫోన్‌లో మాటిచ్చేసింది.

"దేనితో చెయ్యనే? నా తలకాయతోనా?" అంది మీనాక్షి.

ఆ మాట అని, విసుగ్గా పెరట్లోకి వెళ్లింది. పక్కింటి కంచె మీదుగా ఓ ద్రాక్షతీగ ఇవతలికి వేలాడుతోంది. బఠాణీల్లా పచ్చగా, గట్టిగా కాయలు. ఒకటి తెంపి కొరికింది. కళ్లు వాటంతటవే మూసుకుపోయాయి, పళ్లు జివ్వుమన్నాయి. నెల రోజుల తర్వాత ఆవిడ మొహం మీద మొదటిసారి నవ్వు వచ్చింది.

ఇక్కడ మీనాక్షి పక్షాన ఒక మాట చెప్పాలి. గోడ దాటి ఇవతలికి వేలాడే మునక్కాయ ఇవతలివాళ్లదేనని వాళ్ల ఊరు తెనాలిలో ఎవరినడిగినా చెబుతారు. పైగా ఇవి పళ్లు కూడా కావు. పళ్లు కోస్తే తప్పు గానీ, ఎవరూ తినని పచ్చికాయలు నాలుగు కోసుకుంటే ఎవరి సొమ్ము పోయింది? ఇలా అనుకుని ఆవిడ కత్తెర తెచ్చింది. ఇవతలి గుత్తులన్నీ అయిపోయాయి. గిన్నె మాత్రం సగమే నిండింది. కంచె సందులోంచి చూస్తే అవతలి గుత్తులు ఇంకా కండపట్టి ఉన్నాయి. అక్కడ తెనాలి న్యాయం చెల్లదని ఆవిడకీ తెలుసు. అయినా చిన్న గేటు తీసుకుని వెళ్లింది.

పచ్చిమిరపకాయలు, వెల్లుల్లి, జీలకర్ర వేసి, బ్లెండర్‌లో కచ్చాపచ్చాగా తిప్పి, ఇంగువ తాలింపు పెట్టేసరికి ఇల్లంతా ఘుమఘుమలాడింది. గౌరి వేలితో తీసి నాకి, "అబ్బా! అమ్మా, ఏంటిది?" అంది. చెప్పాక మాత్రం నోరు నొక్కుకుంది.

"కెస్లర్ గారి గ్రేప్సా! అమ్మా, ఆయన అవి కాంపిటీషన్ కోసం పెంచుతున్నాడే. సెప్టెంబర్‌లో ఫెస్టివల్ ఉంటుంది ఇక్కడ. అన్నిటికంటే మంచి గుత్తికి ప్రైజ్ ఇస్తారు."

"పచ్చివే కదే."

"పచ్చివే రేపు పండుతాయి!"

తల్లీకూతుళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఇద్దరికీ నవ్వు ఆగలేదు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, "మీ నాన్నకి చింతకాయ అని చెప్పు" అంది మీనాక్షి. ముప్పై ఏళ్లు దొంగల్ని పట్టిన మనిషి ఇంట్లో దొంగ తయారైందంటే ఆయన తల ఎక్కడ పెట్టుకుంటాడు, అదీ అల్లుడి ఇంట్లో ఉండగా.

నవ్వు సాయంత్రానికి ఆవిరైపోయింది. కాళ్లు కడుక్కుంటుంటే ఎడమకాలి మెట్టె కనిపించలేదు. ఎక్కడ జారిందో మీనాక్షికి చెప్పక్కర్లేకుండా తెలిసింది. పెరట్లోకి పరిగెత్తింది. అప్పటికే అవతల కెస్లర్ తీగ ముందు మోకాళ్ల మీద కూర్చుని, మొండి కాడల్ని ఒక్కొక్కటే పట్టుకుని చూస్తున్నాడు. మీనాక్షి వచ్చినంత వేగంగానూ లోపలికి వెళ్లిపోయి, గౌరి దగ్గర సాక్సులు అడిగి తొడుక్కుంది. చలేస్తోందని చెప్పింది, జులై నెలలో.

కెస్లర్ స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. భార్య పోయింది, పిల్లల్లేరు. ఉన్నదల్లా ఆ తీగ. ఏటా ద్రాక్ష పండుగలో దాని గుత్తి ఒకటి పోటీకి పెడతాడు. ఏటా రెండో బహుమతి వస్తుంది. మొదటిది హ్యారియెట్ అనే ఆవిడకి పోతుంది. తన మామగారు ఇండియాలో "లిక్కర్ పోలీస్" అని శ్రీధర్ ఎప్పుడో చెప్పి ఉన్నాడు. అందుకని కెస్లర్ మర్నాడు పొద్దున్నే, వీళ్లు ఉప్మా తింటుండగా, తలుపు తట్టి న్యాయం అడిగాడు.

"పచ్చి ద్రాక్ష ఎవరు తింటారు? పక్షులు కూడా తినవు" అన్నాడు. "తినడానికి కోసినవి కావివి. నన్ను ఓడించడానికి కోసినవి. ఇది హ్యారియెట్ పని."

ఉప్మా పక్కన నంచుకోవడానికి పెట్టిన పచ్చడి గిన్నెని మీనాక్షి మెల్లిగా తన వైపు జరుపుకుంది. రావు గారు మాత్రం లేచి నిలబడ్డారు. రిటైరయ్యాక ఆయన ఒంట్లో అంత నిటారు ఎన్నడూ రాలేదు. బ్రౌను బూట్లు వేసుకుని, చేతికర్ర పుచ్చుకుని, ఘటనాస్థలానికి బయల్దేరారు. గంటసేపు నేలంతా వెతికి, మోకాళ్లకి మట్టితో తిరిగొచ్చి తీర్పు చెప్పారు.

"జంతువు పని. రాత్రుళ్లు తోటల్లో పడి తినే రకూన్."

"రకూన్ కత్తెర పట్టుకుంటుందా, మామయ్యగారూ?" అన్నాడు శ్రీధర్.

"మా సర్వీసులో ఇంతకన్నా తెలివైన జంతువుల్ని చూశాం" అన్నారు ఆయన. కూర్చుని, "ఆ చింతకాయ ఇటివ్వవే. భేషుగ్గా కుదిరింది" అన్నారు.

ఈయనకి ముప్పై ఏళ్లు జీతమిచ్చిన ప్రభుత్వం ఎంత అమాయకమైనదో అనుకుంది మీనాక్షి. దొంగని ఎదురుగా పెట్టుకుని, దొంగసొత్తు ఉప్మాలో నంచుకుంటున్నాడు మహానుభావుడు.

పిక్నిక్‌లో పచ్చడి గిన్నె ఊడ్చిపెట్టుకుపోయింది. ఆగస్టు నిండా మిగిలిన సీసాలు ఇంట్లోనే ఖర్చయ్యాయి. కెస్లర్ మాత్రం చల్లబడలేదు. రావు గారు రోజూ కంచె దగ్గర నిలబడి రకూన్ల గురించి ఎంత వాదించినా వినలేదు. పండుగనాడు అందరి ముందూ మైకులో హ్యారియెట్ పేరు చెప్పి, ఆవిడని ఊళ్లో తలెత్తుకోకుండా చేస్తానని ఒట్టేసుకున్నాడు.

మీనాక్షికి అప్పుడు గుండెల్లో రాయి పడింది. హ్యారియెట్ ఎవరో ఆవిడకి తెలుసు. చీర కట్టుకుని రోడ్డు మీద నడిచే ఈ ముసలమ్మని చూసి ఊరంతా చెయ్యూపి పోయేది. పాత ట్రక్కు ఆపి, దిగి, పేరడిగి, "మీ-నాక్-షీ" అని తప్పుల్లేకుండా పలికేదాకా ప్రయత్నించింది హ్యారియెట్ ఒక్కతే. కనిపించినప్పుడల్లా ఓ పీచ్ పండు చేతిలో పెడుతుంది. అలాంటి మనిషి తన రోటిపచ్చడి కోసం నలుగురిలో దొంగ అనిపించుకోవాలా?

"అమ్మా, నువ్వు వర్రీ అవకు. వాళ్లూ వాళ్లూ చూసుకుంటారు" అంది గౌరి.

"నువ్వు ఊరుకోవే" అంది మీనాక్షి. ఆ మాట కూతురితో అన్నదో తనతో తను అన్నదో ఆవిడకే తెలియలేదు. నిజం చెబితే మొగుడి పరువు పోతుంది. చెప్పకపోతే హ్యారియెట్ పరువు పోతుంది. పండుగ రోజు పొద్దున ఫ్రిజ్‌లో మిగిలిన ఆఖరి సీసా తీసి, ఎందుకో కూడా తెలియకుండా, చేతిసంచిలో వేసుకుంది.

పండుగ సెప్టెంబరు ఆఖరులో. స్కూలు పిల్లల బ్యాండు, దాని వెనక ట్రాక్టరు మీద కిరీటం పెట్టుకున్న ద్రాక్షరాణి, ఆ వెనక వైన్ సీసా ఎత్తి పట్టుకుని అందరికీ చూపిస్తూ మేయరు. "ఒకటో ముద్దాయి" అన్నారు రావు గారు. చర్చి ఆడవాళ్లు ద్రాక్షపళ్లు కూరి కాల్చిన తీపిరొట్టెలు అమ్ముతున్నారు. ఓ పక్క సగానికి కోసిన పీపాల్లో ద్రాక్షలు పోసి జనం కేకలు పెడుతూ పాదాలతో తొక్కుతున్నారు. తినే వస్తువుని కాళ్లతో తొక్కడం చూసి రావు గారు లెంపలు వేసుకున్నారు. మామూలుగా అయితే మీనాక్షి కూడా వేసుకునేదే. ఇవాళ ఆవిడ కళ్లు పోటీ టెంటు మీదే ఉన్నాయి.

టెంటులో ఎర్రజుట్టు జడ్జి ఒకావిడ, వ్యవసాయ కాలేజీలో పాఠాలు చెబుతుందట, గుత్తుల్ని ఎత్తి, తిప్పి, ఒక్కో పండు రుచి చూసింది. చివరికి నీలం రిబ్బను తీసుకెళ్లి కెస్లర్ గుత్తికి కట్టింది. అలాంటి గుత్తి తను ఈ ఊళ్లో చూడలేదంది. పండు పండూ గోలీకాయంత ఉందది. మొదటి బహుమతి! మీనాక్షి ప్రాణం లేచొచ్చింది. గెలిచాడు కదా, ఇంక ఏ గొడవా ఉండదు.

కెస్లర్ మైకు అందుకున్నాడు. మొహం ఎర్రగా ఉంది.

"నా తోటలో దొంగతనం చేసి కూడా నన్ను ఓడించలేకపోయిన మనిషి ఈ టెంటులోనే ఉంది. ఆవిడ పేరు..."

"నో!" అని ఒక కేక వినపడింది. ఆ కేక తనదేనని మీనాక్షికి కాస్త ఆలస్యంగా తెలిసింది. అప్పటికే కాళ్లు ముందుకు నడుస్తున్నాయి. "నో హ్యారియెట్. ఐ. ఐ కట్. మై కత్తెర." అంతటితో ఆవిడ ఇంగ్లీషు అయిపోయింది. సంచిలోంచి సీసా తీసి కెస్లర్ చేతిలో పెట్టింది. "పచ్చడి" అంది.

గౌరి మొహం గుత్తిలో పండులా నల్లబడింది గానీ, పాపం ముందుకొచ్చి తర్జుమా చేసింది. మా ఇళ్లలో పచ్చికాయలే కూర అని, మా అమ్మకి పోటీ సంగతి తెలియదని, తెలిసేసరికి తినేశామని. మీనాక్షి భర్త వైపు చూడలేకపోయింది. నేల చూస్తూ నిలబడింది, సాక్సుల కాళ్లతో.

ఎర్రజుట్టు జడ్జి సీసా మూత తీసి ఓ బిస్కెట్‌తో కాస్త తీసుకుని నోట్లో పెట్టుకుంది. కళ్లల్లోంచి నీళ్లు బొటబొటా కారాయి. మళ్లీ తీసుకుంది. "ఎప్పుడు కోశారు? ఎన్ని కోశారు?" అని అడిగింది. జులైలో, సగానికి పైనే అని గౌరి చెప్పగానే ఆవిడ పగలబడి నవ్వింది.

"కెస్లర్, నీకు నేను ఏటా ఏం చెబుతున్నాను? సగం గుత్తులు పచ్చిగా ఉన్నప్పుడే తీసెయ్, మిగిలినవాటికి బలం పడుతుంది అని చెప్పానా లేదా? ఈవిడ తీసేసింది. అందుకే గెలిచావు."

కెస్లర్ రిబ్బను కట్టిన తన గుత్తి వైపు చూశాడు. తర్వాత, "ఆ తీగ నా భార్య నాటింది" అన్నాడు. "పచ్చిగుత్తి మీద కత్తెర పెట్టడానికి నాకెప్పుడూ చెయ్యి రాలేదు."

అక్కడున్న హాస్యమంతా ఒక్క క్షణం ఎటో పోయింది. అతను టోపీ తీసి హ్యారియెట్ దగ్గరికి వెళ్లి ఏదో అన్నాడు. ఆవిడ అతని భుజం మీద ఒక్కటి చరిచి, సీసా లాక్కుంది. కెస్లర్ మళ్లీ మీనాక్షి దగ్గరికొచ్చాడు. వేళ్లతో కత్తెరలా ఆడించి చూపిస్తూ, "నెక్స్ట్ జులై?" అన్నాడు. మీనాక్షి తలూపింది. ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

రావు గారు మాత్రం కారులో ఇంటికొచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటికొచ్చి వరండా మెట్ల మీద కూర్చున్నారు. మీనాక్షి వెళ్లి పక్కన కూర్చుంది. తిట్టినా బాగుండునని ఉంది ఆవిడకి.

"మీ పరువు తీశానండీ."

ఆయన చొక్కా జేబులో చెయ్యి పెట్టి ఏదో తీసి అరచేతిలో చూపించారు. మెట్టె.

"మొదటిరోజే దొరికింది, తీగ కింద" అన్నారు. "మట్టిలో నీ అడుగులు కూడా ఉన్నాయి. కర్రతో చెరిపేశాను. ముప్పై ఏళ్ల సర్వీసులో ఒక్క సాక్ష్యం దాచి ఎరగను. దాచింది ఇదొక్కటే. దీనికోసం ఆ ముసలాడి దగ్గర రోజూ రకూన్ రకూన్ అని వెర్రివాణ్ని అనిపించుకున్నాను. నువ్వేమో మైకు ముందుకెళ్లి అరనిమిషంలో ఒప్పేసుకుంటివి!"

రెండు నెలలుగా ఈ మనిషిని మనసులో ఎన్ని మాటలందో మీనాక్షికి గుర్తొచ్చింది. "మరి చింతకాయ బాగుందన్నారు?" అని అడిగింది.

"ద్రాక్షకాయ బాగుందంటే రెండోసారి వడ్డించేదానివా?"

ఆయన కీళ్లు పటపటమంటుండగా రెండు మెట్లు దిగి, కింద మోకాలేసి, ఆవిడ ఎడమకాలి సాక్సు లాగారు. పెళ్లినాడు సన్నికల్లు మీద పెట్టించుకున్న కాలే అది. మీనాక్షి కంగారుగా గుమ్మం వైపు చూసింది. తలుపు దగ్గర శ్రీధర్ కాఫీ గ్లాసులతో నిలబడిపోయి ఉన్నాడు.

"లేవండీ, అల్లుడు చూస్తున్నాడు."

"చూడనీ" అన్నారు రావు గారు, మెట్టె వేలికి ఎక్కిస్తూ. "సొత్తు తిరిగి అప్పగించేటప్పుడు సాక్షి ఉండాలి."