తేదీ లేని ఇల్లు

పొద్దున్నే పళ్ళు తోముకుంటూ రెండో చేత్తో ఫోను తీయడం అనూరాధకి అలవాటు. ఎండు చేపల సంఘానికి ఆ అమ్మాయే లీడరు. బొబ్బిలికి ఎన్ని కిలోల ఎండు నెత్తళ్ళు పంపాలి, ఉప్పు ఎవరు తేవాలి, ఆటో ఎప్పుడు రావాలి, అన్నీ ఫోనులోని పనుల యాప్‌లోనే. వాటిని తేదీ ప్రకారం సార్టు చేస్తుంది. కాసేపటికే మనసు ఊరుకోదు, పేర్ల ప్రకారం చేస్తుంది. అదీ నచ్చక అర్జెంటువి పైకి తెస్తుంది. కాలుకాలిన పిల్లి కూడా అనూరాధ కన్నా నిమ్మళంగా ఉంటుంది. పని చెయ్యడం కన్నా పనులు సర్దడమే ఎక్కువైపోయిందని అక్క కుమారి రోజూ దెప్పేది.

సార్టు మార్చినప్పుడల్లా వీధిలో ఇళ్ళు కూడా ఆ వరసకి జరిగేవి. ఉప్పు పని పైకొస్తే ఉప్పు కొట్టు అనూరాధ గుమ్మం పక్కకి వచ్చేసేది, టైలరు వెనక్కి పోయేవాడు. పని అయిపోయి టిక్కు పడితే ఎవరి ఇల్లు వాళ్ళ పాత జాగాకి వెళ్ళిపోయేది. శ్రీకూర్మం దాటి సముద్రం వైపు వచ్చే రోడ్డు చివర ఆ ఊరు, ఉన్నది ఒకటే వీధి. అందులో అనూరాధతో ఏదో ఒక పని లేని ఇల్లు లేదు. పోస్టుమాను సైకిలు దిగగానే "ఈయేళ దేన్నిబట్టి సార్టు?" అని అడిగి మరీ ఉత్తరాలు పంచేవాడు. ఆడవాళ్ళు మాత్రం తిట్టుకునేవారు, ఎందుకంటే ఇల్లు ఎంత దూరం జరిగినా వీధి కుళాయి కదలదు.

ఫిల్టరు పెడితే సంగతి వేరు. "ఈ రోజు" అని నొక్కితే ఆ రోజు పనులున్న ఇళ్ళే మిగిలేవి. తక్కినవి ఫిల్టరు తీసేదాకా కనబడవు. లోపలివాళ్ళకి చిన్న కునుకు పట్టినట్టుంటుందట. పొయ్యి మీది పాలు కూడా పొంగకుండా ఆగేవి.

మేనత్త దాలమ్మ ఇల్లు అనూరాధ ఇంటికి సరిగ్గా ఎదురు, మధ్యలో కుళాయి. సముద్రంలో చేపల వేట నిషేధం రోజుల్లో ఒక సాయంత్రం దాలమ్మ కొడుకు గోపి వల బాగుచేస్తూ తల ఎత్తకుండానే పెళ్ళి సంగతి అడిగేశాడు.

"నువ్వు ఊ అంటే ఇక్కడే మీ అయ్య పడవ మీద ఎళ్తాను. నేదంటే గుజరాత్ బోటెక్కేస్తాను. ఏటో ఒకటి సెప్పు."

"సూస్తాను బావా," అంది అనూరాధ. అని, ఊరుకోకుండా ఫోనులో రాసింది: గోపి బావకి జవాబు సెప్పాల. ఎప్పటికి అని యాప్ అడిగింది. ఆ గడి ఖాళీగా వదిలేసింది.

గోపి అంటే ఇష్టం లేక కాదు. కుమారి మొగుడు గుజరాత్ బోట్ల మీదే ఉంటాడు. ఏడాదికోసారి వచ్చి, సంచీలో బట్టలు సరిగ్గా విప్పకుండానే వెళ్ళిపోతాడు. పెళ్ళయ్యాక ఇక్కడ చేపలు పడక గోపి కూడా ఆ దారే పడితే, తనూ అక్కలాగే ఫోను పట్టుకుని గుమ్మంలో కూర్చోవాలి. ఆ భయం అనూరాధని రోజంతా తిప్పేది, కూర్చోనిచ్చేది కాదు.

తేదీ లేని పని ఏ సార్టులోనైనా అడుక్కే పోతుంది. దాలమ్మ ఇల్లు ఇల్లిల్లు దాటి వెనక్కి, ఇంకా వెనక్కి జరిగి వీధి చివర సరుగుడు తోటలో పడింది. బిందెతో వస్తూ పోతూ దాలమ్మ సణిగేది.

"ఒసే అనూ! ఆడికి సెప్పేదేటో సెప్పి నా కొంపని ఎనక్కి తెచ్చియ్యే. మోకాళ్ళు అరిగిపోతన్నాయి."

"రేపు సెప్తానత్తా."

నిషేధం అయిపోయింది. చుట్టుపక్కల ఊళ్ళ కుర్రాళ్ళు గుజరాత్‌కి సర్దుకుంటున్నారు. గోపి వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. "రేపు మద్దేనం ఆటో," అని ఆ ఒక్క మాటే చెప్పి వెళ్ళాడు.

మర్నాడు బొబ్బిలి ఆర్డరు ఉంది. అనూరాధ లేవగానే "ఈ రోజు" ఫిల్టరు నొక్కింది. పని వత్తిడని అక్కతో అంది గానీ, నిజానికి ఆ తోట వైపు చూడలేక. వీధిలో నాలుగిళ్ళు మిగిలాయి. సరుగుడు చెట్ల మధ్య ఖాళీ ఇసక.

మధ్యాహ్నం ఎర్రన్న ఆటో వచ్చింది, నిండా పక్క ఊళ్ళ కుర్రాళ్ళు, సంచులు. ఆమదాలవలసలో రైలు అందుకోవాలి. ఎర్రన్న తోట దాకా వెళ్ళి తిరిగొచ్చి హారను మోగించాడు.

"అమ్మా అనూరాధా! ఫిల్టరెట్టినావేటి? గోపిగాడి ఇల్లు కనబడ్డంనేదు, తియ్యి బేగి!"

అనూరాధ బొటనవేలు ఫోను మీదే ఉంది. వేలు ఆనిస్తే చాలు, గోపి సంచీ భుజాన వేసుకుని వచ్చేస్తాడు. వేలు ఆనలేదు. హారను మళ్ళీ మోగింది.

"తియ్యవేటే?" అంది కుమారి. చెల్లెలి మొహం చూసింది. చూసి, చేతిలో చేపల బుట్ట దింపి ఆటో దగ్గరికి నడిచింది.

"రైలుకి లేటవుతాది. మీరెళ్ళిపొండి ఎర్రన్నా."

"మరి గోపి?"

"ఎళ్ళిపొండన్నాను కదా!"

ఆటో వెళ్ళిపోయింది. దుమ్ము కూడా అణిగాక అనూరాధ ఫిల్టరు తీసి తోట వైపు పరిగెత్తింది. గోపి సంచీతో గుమ్మంలో నిలబడి కళ్ళు నులుముకుంటున్నాడు.

"ఆటో ఏదే?"

"ఎళ్ళిపోనాది."

"నానున్నాను గదే!"

"ఫిల్టరు తియ్యనేదు బావా. కావాలనే తియ్యనేదు."

గోపి సంచీ ఇసకలో విసిరికొట్టాడు. "నన్నడక్కండా నన్ను దాసేస్తావేటి? నోటితో ఒక్క ముక్క సెప్పడానికి ఏటొచ్చింది నీకు?"

"బయం," అంది. ఏడుపొచ్చేసింది. "ఎళ్ళొద్దు బావా. ఈయేడూ ఎళ్ళొద్దు, పైయేడూ ఎళ్ళొద్దు. పడినన్ని సేపలే ఎండబెట్టుకుందాం."

గోపి ఆటో పోయిన రోడ్డు వైపు చూశాడు. తర్వాత వంగి సంచీకి అంటిన ఇసక దులిపాడు.

"ఇదే నిన్న సెప్పుంటే సంచీ సర్దే పని తప్పును కదే."

అనూరాధ కళ్ళు తుడుచుకుని, ఖాళీ గడిలో ఈ రోజు తేదీ వేసి, టిక్కు పెట్టింది. దాలమ్మ ఇల్లు తోటలోంచి కదిలి వీధంతా దాటుకుంటూ వెళ్ళి దాని పాత జాగాలో కూర్చుంది. ఇద్దరూ దాని వెనకాలే నడిచి వచ్చారు.

దాలమ్మ గుమ్మంలోకొచ్చి ఎదురుగా కుళాయిని చూసింది. కొడుకునీ మేనకోడలినీ చూసింది. గోపి చేతిలోంచి సంచీ లాక్కుని లోపలికి తీసుకుపోయి, మడత పెట్టిన చొక్కాలు ఒక్కొక్కటే తీసి దండెం మీద వేసింది.